మిగతాది వచ్చాక చెప్తా

ఇలా దగ్గరికి రా. ఆ ఫ్యాను మోతలో నా మాట సగం గాలికే పోతుంది. కాళ్లు బారచాపుకుని కూర్చో, తొందరేం లేదు. మా ఆడపడుచు సంగతి చెప్తాను నీకు. మా ఆయన చెల్లెలు, మొగుడు పోయాక మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆసుపత్రిలో ఆయా. అక్కడ రోగుల దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా అందరూ ఆమెని చార్జరమ్మ అనే పిలిచేవాళ్లు. దాని బతుకులో చెప్పుకునేంత ఏముందని మా ఆయన కూడా అనేవాడు. ఆయనకేం తెలుసు? సాయంత్రం పూట దాని పక్కన ఎన్నడైనా కూర్చున్నాడా? నేను కూర్చున్నాను. అందుకే దాని కళ్లతో చూసినట్టే చెప్పగలను. ఒక్క రోజు చెప్తాను, మిగతా రోజులన్నీ అందులోనే ఉన్నాయి.

ఆ పొద్దున ఆమె వార్డులో కాలు పెట్టేసరికే జలపాతం మోగిపోతోంది.

నిజం జలపాతం కాదు, ట్యాబులోది. రోగులు మంచాల మీద పడుకుని పైకప్పుకేసి చూస్తూ దిగులుపడిపోతున్నారనీ, ఆపరేషన్ అంటే బెదిరిపోతున్నారనీ ఆసుపత్రి వాళ్లు ట్యాబులు తెప్పించారు. వాటిలో సముద్రం ఉంటుంది, రంగురంగుల చేపలుంటాయి, పిట్టలుంటాయి, "నెమ్మదిగా ఊపిరి తీసుకోండి, ఇప్పుడు వదలండి" అనే ఒక ఆడగొంతు ఉంటుంది. సినిమాలూ పాటలూ సరేసరి, నెట్టులో ఏది కావాలంటే అది వస్తుంది. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఆ జలపాతం పెట్టమన్నవాడెవడో, వాడు ఎన్నడూ వార్డులో పనిచేసి ఉండడు. అది దబదబా మోగడం మొదలైందంటే మగాళ్ల వార్డు మొత్తానికి ఒక్కసారే ఒంటేలొస్తుంది.

"చార్జరమ్మా, బెడ్‌పాన్!"

"ముందు నాకు! నాకు ఆగదు!"

"ఆపండయ్యా ఆ నీళ్లు!" ఆమె గుమ్మంలోంచే అరిచింది. "మీకు మనశ్శాంతి, నాకు మోత! ఎవరు పెట్టింది? నువ్వేనా? పిట్టల్ని పెట్టుకోకూడదూ? పిట్టలకేం తక్కువొచ్చింది?"

"పిట్టలు విసుగేస్తున్నాయమ్మా."

"వేస్తే వెయ్యనీ. పక్క తడపవు కదా."

ఆఫీసు సారుతో ఎన్నిసార్లు మొత్తుకుందో ఆ ఒక్కటీ తీసేయించమని. అది నిపుణులు ఎంచి పెట్టిందమ్మా, నా చేతిలో లేదన్నాడాయన. "అయితే ఆ నిపుణుల్ని ఒక్క పూట తెచ్చి నా వార్డులో పడుకోబెట్టండి" అని వచ్చేసింది. జలపాతం అలాగే ఉంది. పాన్లు మోయడమూ అలాగే ఉంది.

మనిషి పొట్టి. భుజాలు మాత్రం వెడల్పు. ఆసుపత్రి వాళ్లిచ్చిన చెప్పులు ఆమె పాదాలకి పెద్దవి, నడుస్తుంటే టపటపా కొట్టుకునేవి. ఎవరికైనా ఆమె మీద చెప్పుకోవాలనుంటే ఆ చప్పుడు విని నోరు మూసుకునేంత వ్యవధి దొరికేది. మెడలో డాక్టర్ల గుండె గొట్టంలా ఎప్పుడూ చార్జరు తీగలు వేలాడుతుండేవి. వార్డులో గోడకున్న ప్లగ్గులు తక్కువ, ట్యాబులు ఎక్కువ, రోగుల సొంత ఫోన్లు అంతకన్నా ఎక్కువ. ఒకరి తీగ పీకి ఇంకొకరిది గుచ్చడం, పీకించుకున్నవాడితో తిట్టించుకోవడం, ఇది రోజంతా సాగేది. ఎడమ మోచేతికి గుడ్డ కట్టుకుని ఉండేది. ఆ మోచెయ్యి ఎందుకు అరిగిందో చెప్తే గానీ ఆమె పని నీకు తెలియదు.

ఆపరేషన్‌కి తీసుకెళ్లే మనిషిని బండి మీద పడుకోబెట్టి తోసుకెళ్తారు కదా. వార్డు నుంచి థియేటరు దాకా పొడుగాటి నడవా. పైన లైట్లు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. ఆ లైట్లు చూస్తూ పోవడంలోనే మనిషికి గుండె జారిపోతుంది. అందుకని ఆమె బండి పక్కన అడ్డంగా నడుస్తూ, రోగి ముఖానికి ఎదురుగా ట్యాబు పట్టుకోవాలి. కుదపకూడదు, దింపకూడదు, గోడకి గుద్దుకోకూడదు. థియేటరు తలుపు దగ్గర ట్యాబు తీసేసుకోవాలి. అది లోపలికి పోకూడదు. ముందు ఆ పని ఎవరూ ఒప్పుకోలేదు. "నీ చేతులు పెద్దవి, జారవు" అని ఈమెకి అంటగట్టారు.

మొదట్లో అందరికీ సముద్రమే చూపించేది. సముద్రం చూస్తూ చక్కగా వచ్చేవాళ్లు, తలుపు దగ్గర తీసేయగానే గుడ్లు తేలేసేవాళ్లు. ఒకసారి ఆడవాళ్ల వార్డు నుంచి ఒకావిడ సినిమా చూస్తూ వచ్చింది. అందులో అత్తగారు కోడలి పెట్టె తాళం పగలగొడుతోంది. సరిగ్గా మూత ఎత్తబోతుండగా తలుపు వచ్చింది, ఈమె ట్యాబు లాక్కుంది. ఆవిడకి ఎక్కడ లేని కోపం వచ్చింది. "ఒక్క నిమిషం ఆగితే నీ సొమ్మేం పోయిందే? పెట్టెలో ఏముందో చూడనీ!" అని తిట్టుకుంటూ, తిట్టుకుంటూనే లోపలికి వెళ్లింది, బల్ల మీదకి మార్చింది కూడా గమనించలేదట. మెలకువ రాగానే మొదటి మాట, "పెట్టెలో ఏముంది?"

అంతే, ఈమెకి కిటుకు దొరికింది. కోపమున్నచోట భయానికి చోటుండదని కనిపెట్టింది. అప్పట్నుంచీ ఎవరికి ఏది పట్టుకుంటుందో వెతికి, అదే చూపిస్తూ నడిచి, తలుపు దగ్గరికి వచ్చేసరికి మంచి పట్టు మీద కోసేసేది. "మిగతాది వచ్చాక చెప్తా!" అనేది. వాళ్లు బూతులు తిట్టుకుంటూ పోయేవాళ్లు. మత్తిచ్చే డాక్టరమ్మకి సంగతి తెలిసిపోయింది, తలుపు తీస్తూనే "ఇవాళ ఎక్కడ కోశావు?" అని అడిగేది.

దానికి పడిన శిక్ష ఏమిటంటే, మాటిచ్చాక చెప్పాలి కదా. చెప్పాలంటే చూడాలి. కుస్తీ పోటీలు, దొంగల సినిమాలు, గుండ్రంగా తిరుగుతూ పాడే పాటలు, కుక్కపిల్లని బావిలోంచి తీయడం... అన్నింటికీ చివరిభాగం ఆమె కూర్చుని చూడాల్సిందే. సినిమా అంటేనే ఒళ్లుమంట దానికి. ఇంటికొచ్చి నా ముందు వెళ్లగక్కేది. "వదినా, ఆ వెధవ చివరికి దాన్నే చేసుకున్నాడు, నాలుగు తన్నాలనిపించింది."

"ఎవడే? ఎవత్తిని?"

"నాకేం తెలుసు, నేను మొదలు చూశానా?"

సరే, ఆ రోజుకి వస్తాను. పాన్లు కడిగి, చేతులు తుడుచుకుంటుండగా సిస్టరమ్మ కేకేసింది. "చార్జరమ్మా, ఆ కిటికీ పక్కాయన చొక్కా వేసేసుకున్నాడు. నువ్వే చూడు. నావల్ల కాదు."

కిటికీ పక్కాయన అంటే బీరువాల తాత. బతికినన్నాళ్లూ ఇళ్లు మారేవాళ్ల సామాన్లు మోశాడు. బీరువాలు, మంచాలు, ఇనప్పెట్టెలు, పై అంతస్తుల దాకా. ఒక భుజం కిందికి, ఒక భుజం పైకి. మెడ వెనకాల నిమ్మకాయంత కాయ కాసి, గట్టిగా రాయిలా ఉండేది. ఆయన కడుపులో పెద్ద రక్తనాళం ఒకటి ఉబ్బింది. ఎప్పుడైనా చిట్లొచ్చు. చిట్లితే ఆసుపత్రికి తెచ్చే వ్యవధి కూడా ఉండదు. కోసి బాగుచేయడమూ ప్రమాదమే, కానీ అదొక్కటే దారి. ఇంతకుముందు ఒకసారి థియేటరు తలుపు దాకా తీసుకెళ్లారు. అక్కడ భయంతో బీపీ ఆకాశానికి అంటింది. ఊపిరితిత్తులు కూడా బాగాలేవు, ముందుగా భయం తగ్గించే మందు ఇవ్వడానికి లేదు. వెనక్కి తెచ్చేశారు. ఈ ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు మర్నాటి నుంచి ఊళ్లో ఉండడు. ఇవాళ కూడా వెనక్కి వస్తే ఇక ఇంటికే.

ఆమె వెళ్లేసరికి తాత మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఆసుపత్రి గౌను మీద సొంత చొక్కా, గుండీలు ఒకటి ఎగుడు ఒకటి దిగుడు. ఒళ్లో మూట. కూతురు గోడకి ఆనుకుని నిలబడి ఉంది, ఏడ్చి ఏడ్చి ముక్కు కందిపోయి.

"చెప్పు పిన్నీ, నువ్వైనా చెప్పు" అంది ఆ పిల్ల. "నా మాట వినడం లేదు."

"ఏం పెద్దాయనా, ఎక్కడికి ప్రయాణం?"

"ఇంటికి. నీకేమన్నా కావాలా బజార్నుంచి?"

"కావాలి. బుద్ధి ఉన్న రోగి ఒకడు కావాలి, దొరికితే పట్రా."

తాత నవ్వలేదు. చేతి పట్టీ విప్పి పక్కన పెట్టిన బీపీ మిషనుకేసి గుర్రుగా చూశాడు. "చెయ్యి పట్టుకుని పిండుతుంది, పిండి పెరిగిందంటుంది. ఎవరినైనా పిండితే పెరగదా?"

ఆమె మంచం మీద కూలబడి ట్యాబు తీసింది. సముద్రం పెట్టింది.

"ఇన్ని నీళ్లెందుకు?" అన్నాడు.

చేపలు పెట్టింది. "అమ్మకానికా?"

ఊపిరి గొంతు పెట్టింది. తాతకి కోపం వచ్చింది. "ఎవరీ పిల్ల? నాకు ఊపిరి నేర్పుతుందా? ఇనప్పెట్టె వీపు మీద పెట్టుకుని పై అంతస్తుకెక్కి చూపించమను, అప్పుడు నేర్చుకుంటా."

కుస్తీ పెట్టింది, చూడలేదు. పాటలు పెట్టింది, కళ్లు మూసుకున్నాడు. దొంగల సినిమా పెట్టింది, "వీడే దొంగ" అని మొదట్లోనే చెప్పేసి మొహం తిప్పుకున్నాడు. ఈలోగా అవతల మంచం నుంచి "చార్జరమ్మా, నా తీగ ఎవరు పీకారు?" అని ఒకడు, "సౌండ్ రావడం లేదు" అని ఇంకొకడు. మళ్లీ ఎవడో జలపాతం పెట్టాడు.

"నా ప్రాణం తీయండి!" అని ఆమె లేచింది. "పోతే పో పెద్దాయనా! నాకేం నష్టం? నీలాంటివాళ్లు రోజుకొకడు వస్తాడు. నా మోచెయ్యి అయినా మిగులుతుంది."

అంది గానీ, అప్పుడే చూసింది. తాత కాళ్లు మంచం కింద చెప్పుల కోసం తడుముతున్నాయి. పైన మనిషి ఎటో చూస్తున్నాడు, కింద కాళ్లు వాటంతట అవే వెతుక్కుంటున్నాయి.

ఆ కాళ్లు ఆమెకి తెలుసు. వాళ్లాయన కూడా ఇలాగే. కడుపులో గడ్డ అన్నారు, తీసేస్తే పోతుందన్నారు. థియేటరు తలుపు దగ్గర బండి మీంచి దిగి, గౌనుతోనే నడుచుకుంటూ ఇంటికి వచ్చేశాడు. వెనకాల చొక్కా పట్టుకుని ఈమె పరుగు. వీధి వీధంతా ఆగి చూసి నవ్వింది. ఆయనా నవ్వాడు. నాలుగు వారాలు ఆ కబురే చెప్పుకుని నవ్వించేవాడు అందరినీ. వానలు తగ్గేలోపు పోయాడు. ఒక్కసారే అంది నాతో, అదీ గిన్నెలు తోముతూ, నాకేసి చూడకుండా: "ఆ రోజు నేను కూడా నవ్వాను వదినా."

ఆమె తాత చెప్పుల్ని కాలితో ఒక్క తాపు తన్నింది. అవి జారుకుంటూ పక్క మంచం కింద, ఇంకా అవతలకి పోయాయి.

"ఏంటది?" అన్నాడు తాత.

"ఎలక" అంది. "ఇదిగో విను. ఒక బేరం. తలుపు దాకా రా. అక్కడ నీకు వద్దనిపిస్తే నేనే బండి వెనక్కి తిప్పిస్తా. డాక్టర్లతో నేనే తగువు పెట్టుకుంటా. నీ కూతురి ముందు చెప్తున్నా."

"తలుపు దాకానే?"

"దాకానే."

బేరమంటే తాత కాదనలేడు, బతుకంతా బేరాలమీదే నడిచింది. చొక్కా విప్పి కూతురి చేతికిచ్చాడు. మూట మాత్రం పక్కనే ఉంచమన్నాడు. కళ్లజోడు తీయమంటే తీయనన్నాడు. "ఎక్కడికి తీసుకుపోతున్నారో నాకు కనిపించాలి."

బండి తోసే ఆయన వచ్చాడు. ఆ బండికి ఒక చక్రం వంకర, నడవాలో ఎడమకి లాగేస్తుంది. ఎన్నిసార్లు చెప్పినా బాగుచేయించరు. ఆమె ఒక భుజంతో బండిని నెట్టుకుంటూ, ఒక చేత్తో ట్యాబు పట్టుకుని, అడ్డంగా నడుస్తోంది. ట్యాబులో పెట్టడానికి ఇంకేం మిగల్లేదు. పైన లైట్లు పోతున్నాయి. తాత కళ్లు వాటితో పాటే పోతున్నాయి, మెడ నరం టకటకా కొట్టుకోవడం ఆమెకి కనిపిస్తోంది. చక్రం తటాలున లాగేసరికి ఆమె బొటనవేలు తెర మీద ఎక్కడో పడింది. ఏదో మొదలైంది.

ముగ్గురు మనుషులు. ఇరుకు మెట్లు. మధ్యలో పాతకాలపు చెక్క బీరువా ఒకటి, రెండు తలుపులది, మలుపు దగ్గర ఇరుక్కుపోయి ఉంది.

ఆమె దాన్ని మార్చబోయింది.

"ఉంచు" అన్నాడు తాత.

ఉంచింది.

పై మెట్టు మీదవాడు లాగుతున్నాడు, కిందివాడు నెడుతున్నాడు, మధ్యవాడు గోడకీ బీరువాకీ నడుమ అప్పడమైపోయి ఏదో అరుస్తున్నాడు.

"వాణ్ణి అక్కడ ఎవడు నిలబెట్టాడు?" తాత తల ఎత్తబోయాడు, ఆమె మోచేత్తో నొక్కింది. "ఒరేయ్, తలుపులు ఊడదీయండ్రా ముందు! తలుపులు బిగించి ఎక్కిస్తారా ఎవరైనా?"

"వాళ్లకి వినపడదు పెద్దాయనా."

"వినపడకపోతే పో. అది తిరగదు. ఆ మలుపులో జన్మలో తిరగదు."

"ఎందుకు తిరగదు? కాస్త వాల్చితే తిరుగుతుంది."

"నువ్వు మోశావా?"

"నేను నిన్ను మోస్తున్నాగా, అంతకంటేనా?"

బండి తోసే ఆయన నడక నెమ్మది చేసి తానూ తొంగి చూశాడు. "నిలబెట్టి తిప్పొచ్చేమో" అన్నాడు.

"నువ్వు తోసే పని తోయి!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

తలుపు వచ్చింది. మత్తు డాక్టరమ్మ తీసి నిలబడింది. తెరలో, కిందివాడు చొక్కా విప్పి పక్కన పడేసి, బీరువా అడుగున భుజం పెట్టాడు. పైవాడు ఏదో లెక్క అందుకున్నాడు. బీరువా ఒక్కసారి కదిలింది. ఆమె లాగేసుకుంది.

"ఏయ్!"

"మిగతాది వచ్చాక చెప్తా."

"ఇలా ఇవ్వు! ఒక్క క్షణం! వాడి నడుం విరుగుతుంది, నేను చూడాలి!"

"నేను చూస్తాగా."

"నువ్వేం చూస్తావు, నీకేం తెలుస్తుంది? అది తిరగదు. రాసిపెట్టుకో, తిరగదు. తిరిగితే నా మీసం తీసేస్తా."

డాక్టరమ్మ ఈలోగా పట్టీ చుట్టి అంకె చూసింది. ఇంకోసారి చూసింది. చార్జరమ్మకేసి కళ్లతోనే సరే అంది. ఇప్పుడు ఆమె అడగాలి, బేరం ప్రకారం. వెనక్కి తిప్పమంటావా పెద్దాయనా అని అడగాలి. అడగకుండా పోదామనుకుంది. కానీ మాటిచ్చిన మనిషి కదా, అడిగింది.

తాత విసుగ్గా చెయ్యి విదిల్చాడు. "నువ్వు ముందు పోయి అది చూడు! మళ్లీ ఎవడో మార్చేస్తాడు. పూర్తిగా చూడు, మధ్యలో లేవకు. అబద్ధం చెప్తే నాకు తెలిసిపోతుంది." కళ్లజోడు తీసి ఆమె చేతిలో పెట్టాడు. తలుపు మూసుకుంది. లోపల్నుంచి కూడా "తలుపులు ఊడదీయకుండా..." అనడం వినిపించింది.

ఆమె దుప్పట్లు పెట్టే గదిలోకి పోయి, ఉతికిన గుడ్డల మూట మీద కూర్చుంది. ట్యాబు తెరిచింది. తెర నల్లగా ఉంది. చార్జి అయిపోయింది. చార్జరమ్మ చేతిలో! తన్ను తానే తిట్టుకుంటూ వార్డుకొచ్చి చూస్తే ప్లగ్గు ఒక్కటీ ఖాళీ లేదు. ఒకడి ఫోను పీకింది. వాడు గోల. "నా మేనల్లుడు ఫోన్ చేస్తాడు!" "చేస్తే నా చెవిలో చెప్పమను" అంది. ఎక్కాక తెరిస్తే ముందు ఏదో పౌడరు ప్రకటన. తర్వాత ఇంకో ప్రకటన. తర్వాత బీరువా. అయితే అంతా మసక. దగ్గరివీ దూరానివీ ఆమెకి ఎప్పుడో సరిగ్గా కనపడటం మానేశాయి. ఉన్న అద్దాల మీద కూర్చుని విరగ్గొట్టుకుంది, కొత్తవి చేయించుకోవే అని నేను పోరుతూనే ఉన్నాను, రేపు రేపు అంటూనే ఉంది. ముఖానికి చెయ్యంత దూరంలో పట్టుకుంటే రోగులకి చూపించడానికి సరిపోయేది గానీ, బీరువా ఇంచీ జరిగిందో లేదో తేల్చాలంటే ఎలా?

తాత కళ్లజోడు పెట్టుకుంది.

"వదినా, ఒక్కసారి అన్నీ కనబడ్డాయి" అంది నాతో. "నా గోళ్లు కూడా."

చూసింది, మధ్యలో లేవకుండా. వాళ్లు ఇంకాసేపు అఘోరించారు. గోడ సున్నం గీరుకుపోయింది. మధ్యవాడు ఏడుపు మొహం పెట్టాడు. ఆఖరికి బండి తోసే ఆయన చెప్పినట్టే, బీరువాని నిలువుగా లేపి, దాని చుట్టూ అదే తిరిగేట్టు నెమ్మదిగా, ఒక మూల తర్వాత ఒక మూల... తిరిగింది. తలుపులు ఊడదీయకుండానే. పై గది దాకా పోయింది. ముగ్గురూ దాని ముందు కూలబడి రొప్పుతూ నవ్వారు.

ఆమె గుడ్డల మూట మీద కూర్చుని గట్టిగా నవ్వేసింది. మీసం! ఇక ఆ మధ్యాహ్నమంతా ఆమె పని చూడాలి. పాన్లు మోస్తూ, తీగలు పీకుతూ, ట్యాబులు స్పిరిట్టుతో తుడుస్తూ లోలోపల మాటలు కూర్చుకుంటూనే ఉంది. "ఏం పెద్దాయనా, మంగలిని పిలవమంటావా?" అందామా? లేకపోతే ఏం ఎరగనట్టు వెళ్లి, ఆయనే అడిగేదాకా ఊరుకుందామా? బండి తోసే ఆయనకి చెప్పింది. ఆయన వార్డంతా చెప్పాడు. తాత రాగానే మీసం మాట అడగాలని మంచాల మీదవాళ్లు ఒప్పందం చేసుకున్నారు. ఆ పూట జలపాతం ఎవరూ పెట్టలేదు.

పొద్దు వాలుతుండగా మత్తు డాక్టరమ్మ వార్డులోకి వచ్చింది. నెత్తిన ఉండే టోపీ చేతిలో ఉంది. ఆమె ఎప్పుడూ వార్డులోకి రాదు. కూతుర్ని పక్కకి తీసుకెళ్లి మాట్లాడింది. ఆ పిల్ల ముందు తలూపింది, ఏదో మామూలు మాట విన్నట్టు. తర్వాత గోడ పట్టుకుంది.

డాక్టరమ్మ పోతూ పోతూ చార్జరమ్మ దగ్గర ఆగింది. "తెరిచేసరికే ఆ నాళం కాగితంలా పలచబడిపోయి ఉంది" అంది. "నిద్రలోనే. ఏం తెలియదు ఆయనకి." "ఇంటికి పోయినా..." అని, ఆ మాట పూర్తిచేయకుండానే వెళ్లిపోయింది. ఈమె కూడా ఆ మాట పూర్తిచేయమనలేదు.

కూతురికి చొక్కా, మూట అందించింది. పక్క మంచాల కిందికి వంగి, పాక్కుంటూ వెళ్లి ఆ చెప్పులు కూడా తెచ్చి ఇచ్చింది. ఆ పిల్ల ఈమె మొహంకేసి చాలాసేపు చూసింది. "చివర్లో ఏమన్నాడు పిన్నీ?" అని మాత్రం అడిగింది.

"నన్ను తిట్టాడమ్మా" అంది ఈమె. "బాగా తిట్టాడు."

ఆ పిల్ల ముక్కు తుడుచుకుంటూ కొంచెం నవ్వింది. "అయితే బాగానే ఉన్నాడన్నమాట" అంది.

ఇంటికి నడుచుకుంటూ వచ్చింది ఆ రోజు. గుమ్మంలో నేను కూర్చుని ఉన్నాను. దూరం నుంచే చూశాను, మొహం మీద ఏదో తళుక్కుమంటోంది. నాకు సంతోషమేసింది. పోరగా పోరగా నా మాట చెవినపడిందని. "ఎట్టకేలకి కళ్లజోడు కొన్నావుటే? నీకు బాగానే నప్పింది!" అన్నాను.

అది ఆగిపోయింది. చెయ్యెత్తి ముక్కు మీద తడుముకుంది. ఆసుపత్రి నుంచి ఇంటిదాకా కొట్ల మీద బోర్డులన్నీ చదువుకుంటూ వచ్చిందట, ఎందుకు కనబడుతున్నాయో తోచకుండానే. ఆ పిల్ల అంతసేపు ఎందుకు చూసిందో అప్పుడు తెలిసింది దానికి. గడప మీద కూలబడింది. ఏడవలేదు. కోపంగా అంది, నా మీద కోపమన్నట్టు: "తిరిగింది వదినా. నిలబెట్టి తిప్పారు. తిరగదు తిరగదని చంపుకుతిన్నాడు, తిరిగింది."

"తిరిగిందిలే" అన్నాను.

మర్నాడు మళ్లీ పనికి పోయింది, పోకేం చేస్తుంది. కళ్లజోడు ఇచ్చేద్దామని కొన్నాళ్లకి కూతురి కోసం వాకబు చేస్తే, వాళ్లు ఉన్న ఇల్లు ఖాళీచేసి పోయారన్నారు. మోచేతికి గుడ్డ కట్టుకుని ఇంకా చాలాకాలం నడిచింది ఆ నడవాలో, అందరినీ మంచి పట్టు మీద కోస్తూ, తిట్లు తింటూ. తలుపు దగ్గర వెనక్కి తిప్పమంటావా అని మాత్రం ఆ తర్వాత ప్రతి ఒక్కరినీ అడిగేదట. ఒకరిద్దరు తిప్పమన్నారు కూడా. తిప్పించింది.

నువ్వు ఇది మర్చిపోకు తల్లీ. ఎవరికైనా చెప్పు, నా తర్వాత చెప్పేవాళ్లు లేరు. చెప్పేటప్పుడు ఎక్కడా కోసెయ్యకు. బీరువా తిరగదని ఆయన అన్నాడని చెప్పు, తిరిగిందని కూడా చెప్పు. కళ్లజోడు మాత్రం ఆ సాయంత్రం అది తీసి ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంది, ఆ కిటికీ గట్టు మీద. ఒక కాడకి నల్లదారం చుట్టి ఉంది, అద్దాల మీద దాని వేలిముద్రల కింద ఆయనవి కూడా ఉండే ఉంటాయి, ఎవరం తుడవలేదు.